బురదల సైకిల్ పందానికి పోయిన ముచ్చట



ఈసారి వరి ముచ్చట కాదు, మక్క ముచ్చట కాదు. మొన్న ఆదివారం మా చిన్నోడు పెట్టిన ఫోటో చూసి శానా మంది ఫోన్లు చేసిండ్రు. "ఏందే, కరిగెట్ల పడ్డవా?" అని ఒకలు. "ఈ వయసుల ఇదేం పిచ్చే నీకు" అని ఒకలు. ఫోటోల నెత్తి నుంచి కాళ్ళ దాకా బురదనే, కండ్లు పండ్లు తప్ప ఏం కనపడ్తలేవు. అది కరిగెట కాదు. నర్సాపూర్ అడవి పక్కన జరిగిన సైకిల్ పందెం. 42 కిలోమీటర్లు. ఒక్కొక్కరికి ఫోన్ల చెప్పలేక ఇక్కడ రాస్తున్న. కొంచెం పొడుగే అయితది. నాట్లు అయిపోయినయి, కలుపు ఇంకా జోరుగ లేవలేదు కాబట్టి తీరికున్నోళ్ళు చదువుండ్రి. లేనోళ్ళు రాత్రి బువ్వ తిన్నంక చదువుండ్రి.

సైకిల్ నాది కాదు. మా చిన్నోడు హైదరాబాదుల కంపెనీల చేస్తడు. కరోనా అప్పుడు ఇంటికాడ ఉండి పని చేసిండు గదా, పొట్ట పెరుగుతుందని గేర్ల సైకిల్ కొనుక్కున్నడు. లావు టైర్లు, ముంగట స్ప్రింగుల చిమ్టా, పెడల్ కాడ మూడు పండ్ల చక్రాలు, ఎనక ఏడు, మొత్తం 21 గేర్లు. కరోనా పోయింది, వాడు పోయిండు, సైకిల్ మాత్రం కొట్టంల బర్రె పక్కన నిలవడ్డది. ఒకనాడు మోటర్ సైకిల్ల పెట్రోల్ లేకుంటే దుమ్ము దులిపి దాని మీద పొలం కాడికి పోయిన. అప్పటి సంది రోజూ అదే. రానుపోను ఆరు కిలోమీటర్లు. గేర్లు ఏం మార్చకపోతుంటి. ఒక్కదాంట్లనే తొక్కుడు.

జూలైల ఒక ఆదివారం పొద్దున హైదరాబాదు సైకిల్ పోరగాండ్లు నలుగురు మా చెరువు కట్ట కింద తొవ్వ తప్పి నిలవడ్డరు. చక్రాలకు రేగడి పట్టి గిర్రున తిరుగుడు బందైంది. ఒక్కో సైకిల్ రెండు సైకిళ్ళ బరువైంది. నెత్తిన పెట్టుకొని మోస్తుండ్రు. నేను పోయి తుమ్మ పుల్లతోటి మట్టి గీకి, "బాబూ, మీరు ఒడ్డు మీద గడ్డి ఉన్నకాడికెళ్ళి పోండ్రి, బండ్ల బాటల పోకుండ్రి" అని తొవ్వ చూపిన. అందుట్ల ఒక పిలగాడు నా సైకిల్ చూసిండు. "అంకుల్, మీకూ మౌంటెన్ బైక్ ఉందా! ఆగస్టుల మా పందెం ఉంది, రండి. ఊర్ల నుంచి వచ్చేటోళ్ళకు ఫీజు లేదు" అన్నడు. నేను నవ్వి ఊకున్న. రాత్రి ఫోన్ల చిన్నోనికి నవ్వులాటగ చెప్పిన. వాడు తెల్లారేసరికి నా పేరు రాయించిండు. యాభై దాటినోళ్ళకు వేరే ఖానా ఉందట, అండ్ల.

మీ వదిన ఒప్పుకోలే. "కింద పడి బొక్క ఇరిగితే మందెవరు కొడ్తరు? పొలం కాడ మోటర్ ఎవరు ఏస్తరు?" అన్నది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకుండె. ఇప్పటికీ లేదు. మన అసుంటోనికి సీజన్ల కాలు ఇరుగుడు అంటే ఒక పంట పోవుడే. అది తెలిసి కూడా పోయిన. ఎందుకు పోయిన్నో అసలు ముచ్చట అదే. అది మీ వదినకు కూడా అప్పుడు చెప్పలే. ముంగటికి పోయినంక చెప్త.

ముందు ఈ సైకిళ్ళ గురించి రెండు మాటలు. నేను తొక్కుడు నేర్చుకున్నది మా నాయిన నల్ల సైకిల్ మీద. సీటు అందకపోయేది, నడిమి బొంగు కిందికెళ్ళి కాలు పెట్టి కైంచి తొక్కుడు. మీల సగం మంది అట్లనే నేర్చుకున్నరు, మోకాళ్ళ మీది గుర్తులు చూసుకోండ్రి. అప్పట్ల సైకిల్ అంటే హీరో, లేకుంటే అట్లాస్. హీరో వాళ్ళు లూధియానల 1956ల మొదలువెట్టిండ్రు. అట్లాస్ వాళ్ళు 1951ల సోనీపత్‌ల మొదలువెట్టిండ్రు. ఆ అట్లాస్ వాళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూతవడ్డది ఏనాడో తెలుసా? 2020 జూన్ 3. ఆ దినం ప్రపంచ సైకిల్ దినం. దేవుడు కూడా ఒక్కొక్కపారి గట్ల ఎగతాళి చేస్తడు.

ఈ గుట్టల సైకిల్, మౌంటెన్ బైక్ అనేది మన నల్ల సైకిల్‌కు శానా దూరపు సుట్టం ఏం కాదు. అమెరికాల కాలిఫోర్నియాల కొందరు పోరగాండ్లు పాత లావు టైర్ల సైకిళ్ళు తీసుకొని గుట్ట మీదికెళ్ళి కిందికి పందాలు పెట్టుకున్నరు. 1976ల మొదలైంది. వాటికి బ్రేకు ఎనక చక్రం నడిమి గుండుల ఉండేది, పెడల్ ఎనకకు తొక్కితే పడేది. గుట్ట దిగేసరికి ఆ గుండు కాలి, లోపలి గ్రీసు పొగై పోయేది. దిగినంక మల్ల గ్రీసు నింపాలె. అందుకే ఆ పందానికి రీప్యాక్ అని పేరు పడ్డది. ఆడికెళ్ళి పెరిగి పెరిగి 1996ల అట్లాంటా ఒలింపిక్స్ దాకా పోయింది. ప్రపంచ పోటీలల్ల సైకిల్ మారథాన్ అంటే 60 కిలోమీటర్ల పైమాటే. మాది 42, మనుషులు ఉరికే మారథాన్ అంత. 21 కిలోమీటర్ల చుట్టు రెండుసార్లు. ఐదు గంటల్ల రావాలె. నలభై రెండు కిలోమీటర్లు తారు రోడ్డు మీద అయితే నేను పాల క్యాన్లు కట్టుకొని కూడ తొక్కుత. బురదల అది వేరే లెక్క.

పందానికి ముందు మూడు దినాలు ముసురు. మగ కార్తె వాన మీకు తెలుసు. పడితే ఇడువది. శనివారం రాత్రి కొబ్బరి నూనె సీసా తీసి సైకిల్ బొంగులకు, చిమ్టాకు, చక్రం ఇమిడే సందులకు బట్టతోటి పూసిన. నూనె ఉంటే బురద పట్టదు. నాగలి కర్రుకు పూసినట్టే. బ్రేకు రేకులకు మాత్రం సుక్క అంటనియ్యొద్దు, అంటితే బ్రేకు పడది. మీ వదిన సీసా చూసి "నా నెత్తికి లేదు గని సైకిల్‌కు వచ్చిందా" అన్నది. చిన్నోడు హైదరాబాదు నుంచి ట్రాలీ ఆటో మాట్లాడుకొని వచ్చిండు. తెల్లారుజామున మూడింటికి లేచి పోయినం.

ఆడికి పోయి చూస్తే నాకు ఇజ్జత్ పోయినట్టైంది. తొంభై మంది దాకా ఉన్నరు. వాళ్ళ సైకిళ్ళు కొన్ని మన ట్రాక్టర్ ట్రాలీ పైసలంత ఉంటయట. ఒంటికి అతుక్కునే బట్టలు, నల్ల అద్దాలు. నేను లుంగీ కట్టుకోలే గని దాదాపు అంతే. పాత ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, సొక్క, చిన్నోడు ఇచ్చిన టోపీ. నడుముకు మందు కొట్టే సంచి అసుంటి సంచి. అండ్ల ఏమున్నయంటే ఒక పానా, కటింగ్ ప్లేయర్, బైండింగ్ తీగ మూరెడు, పాత ట్యూబు ముక్కలు, రెండు మేకులు, ఒక లావు నట్టు, బెల్లం ముక్క, పల్లీలు. ఒక పిలగాడు తొంగి చూసి "అంకుల్, మేకులెందుకు?" అన్నడు. "పొలంకాడికి పోయేటోని జేబుల మేకు లేకుండ ఉండది బిడ్డా" అన్న. అలవాటుగ ఏసుకున్నయే, పనికొస్తయని కాదు.

పందెం మొదలైనంక మొదటి ఐదు కిలోమీటర్లు అందరూ నన్ను దాటి పోయిండ్రు. ఎర్ర చెల్క నేల, ఇసుక కలిసిన మట్టి. వాన పడ్డా నీళ్ళు ఇంకుతయి, టైరుకు పట్టది. గట్టిగ తొక్కేటోనికి అది రోడ్డే. నేను ఎనకబడ్డ. తరువాత చెరువు శిఖం పక్కకొచ్చినం. ఆడ మొదలైంది నల్లరేగడి. ఆడికెళ్ళి నేను మనుషులను దాటుడు మొదలువెట్టిన.

ఎందుకంటే బురద మనకు తెలుసు. ఇది డబ్బా కొట్టుకునుడు కాదు, మీరెవలు పోయినా గంతే. వాళ్ళు ఏం చేసిండ్రంటే, నీళ్ళు నిలిచిన గుంత కనపడంగనే భయపడి పక్కకెళ్ళి పోయిండ్రు. పక్కన పైకి ఆరినట్టు కనపడే మట్టి ఉంటది. అదే మోసం. రేగడి సగం ఆరినప్పుడే గట్టిగ పట్టుకుంటది, చెప్పు గుంజుతది, గోళ్ళల్ల ఇరుక్కుంటది. నీళ్ళు నిలిచిన బాట అడుగున ట్రాక్టర్ టైరు తొక్కి తొక్కి గట్టివడి ఉంటది. మోకాలి లోతు లేకుంటే నీళ్ళల్లకెళ్ళి పోవుడే మంచిది, పైగా ఆ నీళ్ళు చక్రాన్ని కడుగుతయి. నేను నీళ్ళు కనపడ్డకాడల్ల నీళ్ళల్ల దిగిన. వాళ్ళు సైకిళ్ళు భుజం మీద పెట్టుకొని నడుస్తుంటే నేను పక్కకెళ్ళి తొక్కుకుంట పోయిన. ఇంకోటి, టైర్ల గాలి. గట్టిగ కొట్టి ఉంటే బురదల కత్తి లెక్క దిగవడుతది. నేను బొటనవేలుతోటి ఒత్తితే కొంచెం దిగేదాక గాలి తీసిన. ఇది నా తెలివి కాదు, మా చిన్నోడు చెప్పిండు. నేను మన కేజ్‌వీలును యాదికి తెచ్చుకొని సరే అన్న. నేల మీద ఎంత ఎడల్పు ఆనితే అంత తక్కువ దిగుతది.

నీళ్ళ పాయింటు కాడ అరటిపండు ఇస్తుండ్రు. ఒక అమ్మాయి "అంకుల్ మీరు సూపర్" అన్నది. ఆ మాట నెత్తికెక్కింది. తప్పు ఆడనే జరిగింది కావచ్చు.

మొదటి చుట్టు రెండు గంటల పది నిమిషాలల్ల అయింది. అప్పటికే సైకిల్ ఏడుస్తుంది. చైన్ల ఇసుక పడి కరకర. ఒక గేరు కాడ ఆగది, దానంతట అదే ఎక్కుతది, దిగుతది. ముంగటి బ్రేకు పట్టితే పిడి హ్యాండిల్ దాక వస్తుంది. ఎర్ర మట్టి ఇసుక బ్రేకు బిల్లలను ఆకురాయి లెక్క తినేసింది. తీగ కాడ ఉన్న చిన్న మర తిప్పి బిగించిన. పది కిలోమీటర్లకు మల్ల గదే కత. గుట్ట దిగేకాడ కాలు నేలకు ఆనిచ్చి ఆపుకుంట దిగిన. చిన్నప్పుడు బ్రేకు లేని సైకిల్‌ను చెప్పుతోటి ఆపినట్టు. చెప్పు కాదిది, బూటు. చిన్నోనిది. అడుగు ఊడింది.

చైన్ మూడుసార్లు పడ్డది. పడ్డప్పుడల్ల ఏసుకున్న. నాలుగోసారి ఎత్తు ఎక్కుతున్న. గేరు మారుస్త అని పిడి నొక్కిన. ఎనక గేరు మార్చే కొండి ఉంటది చూడుండ్రి, చిన్న చక్రాలు రెండుంటయి, చైన్‌ను ఈడ్చేది. దాని నిండ మట్టి, గడ్డి. అది వంగి పోయి చక్రం పుల్లల్ల ఇరుక్కున్నది. "టప్" అని చప్పుడు. చక్రం ఆగింది. నేను ఆగలే, ముంగటికి పడ్డ.

లేచి చూసిన. బొక్క ఇరగలే, మోచేయి తోలు లేసింది. సైకిల్ చూస్తే ఆ కొండి పట్టు సగానికి ఇరిగి తీగ మీద ఏలాడుతుంది. మూడు పుల్లలు వంగినయి. అక్కడికి 27 కిలోమీటర్లు. ఇంక 15 ఉన్నది. మూడు గంటలు దాటింది.

ఎనకకెళ్ళి వాళ్ళ జీపు వచ్చింది. పాడైన సైకిళ్ళను, అలిసిన మనుషులను ఎక్కించుకునే జీపు. అప్పటికే అండ్ల నలుగురున్నరు, మీద మంచి మంచి సైకిళ్ళు కట్టి ఉన్నయి. డ్రైవర్ "ఎక్కు పెద్దాయనా, అయిపాయె, ఇంక ఏం చేస్తవు" అన్నడు. మంచిగనే అన్నడు. ఎక్కుదామని సైకిల్ లేపిన కూడా.

ఇగ ఈడ ఆ పాత ముచ్చట చెప్పాలె.

1988. నేను ఇంటర్ రెండో ఏడు. మార్చిల అన్నీ పాసైన, ఇంగ్లీషు పోయింది. సెప్టెంబరుకు కట్టిన. ఫీజు కోసం మా నాయిన ఒక మేకను అమ్మిండు. పరీక్ష దినం పొద్దున ఆయనే లేచి, సైకిల్ తుడిచి, చైన్‌కు నూనె పెట్టి, సద్ది కట్టించి తోలిచ్చిండు. సెంటర్ దూరం. బస్సు ఆ దినం వానకు రాదని సైకిల్ మీద బయలెల్లిన. తొవ్వల వాగు ఉంటది. నేను పోయేసరికి వాగు పారుతుంది గని, ఎంత అనుకుంటున్నరు? మోకాలి కిందికి. మనుషులు దాటుతుండ్రు, బర్లు దాటుతున్నయి.

వాగు ఇవుతలనే పెడల్ కాడ కాటర్ పిన్ను ఊడింది. ఆ కాలంల సైకిల్ తొక్కినోళ్ళకు తెలుసు, కాటర్ ఊడితే పెడల్ కాడి దండె గిరగిర తిరుగుతది, తొక్కరాదు. ఒక రాయి, ఒక మేకు ఉంటే దాన్ని దిగ్గొట్టుకొని పోవచ్చు. అది కాకుంటే సైకిల్‌ను ఆడ ఎవరింటి కాడన్న ఇడిసి నడిచి పోవచ్చు. గంటన్నర టైం ఉండె. నేను మేకు ఎతకలే. నడవలే. చెట్టు కింద కూసున్న. సద్ది తిన్న. పరీక్ష మొదలయ్యే యాళ్ళ దాటేదాక అట్లనే కూసొని, అప్పుడు సైకిల్ నూక్కుంట ఇంటికి వచ్చిన. "వాగొచ్చింది నాయినా, దాటనియ్యలే" అన్న.

మా నాయిన నా మొహం చూసి, తడిసిన బట్టలు చూసి, "పోనీ బిడ్డా, పానం కంటె పరీక్ష ఎక్కువనా" అన్నడు. ఆయన 2009ల పోయిండు. పోయేదాక సుట్టాలందరికి చెప్పేటోడు, మావోడు సదువుకునేటోడే గని వాగు అడ్డం వచ్చింది అని. వాగు రాలే. ఇంగ్లీషు పేపర్ అంటే భయం వచ్చింది, సైకిల్ చెడిపోతే సాకు దొరికింది. గంతే.

ఇది తప్పు పని అని కాదు నాకు బాధ. ఎవుసం నాకు నచ్చినదే, సదువుకున్నోళ్ళందరు ఏం ఉద్ధరిస్తుండ్రని. బాధ ఏందంటే, మా చిన్నోడు డిప్లమాల రెండు సబ్జెక్టులు పోయి మానేస్త అన్ననాడు, నేను వాన్ని కూసోబెట్టి ఇదే అబద్ధం చెప్పిన. "వాగు అడ్డం రాకుంటే నేను ఆఫీసరు అయ్యేటోన్ని, నీకేం అడ్డం వచ్చింది" అన్న. వాడు తల వంచుకొని పోయి మల్ల రాసిండు. పాసైండు. మంచే జరిగింది. గని ఆ దినం వాని కండ్లల్లకు నేను చూడలే.

ఇప్పుడు మల్ల బురదల చెడిపోయిన సైకిల్, మల్ల సాకు. జీపు డ్రైవర్ తలుపు తెరిచి పట్టుకున్నడు.

పొద్దున ఆటోల పోయేటప్పుడు చిన్నోడు ఒక ముచ్చట చెప్పిండు. ఫ్రాన్స్ దేశంల సైకిల్ పందెం ఉంటది గదా, టూర్ ద ఫ్రాన్స్. 1913ల అండ్ల యూజీన్ క్రిస్టోఫ్ అని ఒకడు ముంగట పోతున్నడు. టూర్మలే అనే పెద్ద గుట్ట దిగేకాడ సైకిల్ చిమ్టా ఇరిగింది. అప్పటి నియమం ఏందంటే, ఎవరి సైకిల్ వాళ్ళే బాగు చేసుకోవాలె, ఒకల సాయం తీసుకోవద్దు. ఆయన సైకిల్‌ను భుజానికేసుకొని పది కిలోమీటర్ల పైన నడిచి కింద ఉన్న ఊరు చేరి, కమ్మరి కొలిమి ఎతుక్కొని, తనే ఇనుము కాల్చి, తనే సుత్తెతోటి కొట్టి చిమ్టా అతికిచ్చిండు. పందెం అధికారులు కొలిమి కాడ నిలవడి చూస్తుండ్రు. ఒక చిన్న పోరగాడు తిత్తి ఊదిండని, అది బయటి సాయమని, ఆయనకు పది నిమిషాలు కోత పెట్టిండ్రు. తర్వాత మూడుకు తగ్గిచ్చిండ్రు అనుకో. ఆ దినం ఆయనకు మూడు గంటల పైన పోయింది, అయినా పందెం ఇడువలే. ఆఖరుకు ఏడోవాడుగ వచ్చిండు. 1919ల పసుపు జెర్సీ మొట్టమొదలు ఏసుకున్నది కూడ ఆయనే, ఆ యేడు కూడ చిమ్టా ఇరిగింది. 

ఆటోల ఇన్నప్పుడు నాకు ఆ పోరగాడే నచ్చిండు. మన ఊర్ల వడ్ల కొలిమి కాడ తిత్తి తిప్పుడు మేము కూడ చేసినోళ్ళమే, కర్రు కాలేదాక ఆడుకునుడు. ఊదిన పాపానికి పది నిమిషాలా!

"నువ్వు పో అన్నా" అన్న డ్రైవర్‌తోటి. ఆయన ఒక్క తీరుగ చూసి పోయిండు.

పక్కన గొర్లు కాస్తున్న పిలగాడు, పదేండ్లుంటయి, గొంగడి కొప్పెర ఏసుకొని వచ్చి నిలవడ్డడు. "ఏమైందే తాతా?" అన్నడు. నేను ఆలోచిస్తున్న. కొండి లేకుంటే గేర్లు లేవు. గేర్లు లేకుంటే ఏమైంది, మా నాయిన సైకిల్‌కు గేర్లు ఉండెనా? చైన్‌ను తెంపి, చిన్నగ చేసి, ముంగట ఒక్క పండ్ల చక్రం, ఎనక ఒక్క చక్రం మీద ఏస్తే నల్ల సైకిల్ అయితది. చైన్ తెంపే పనిముట్టు నా దగ్గర లేదు. మేకు ఉంది. నట్టు ఉంది.

నట్టును రాయి మీద పెట్టి, దాని మీద చైన్ లింకు పెట్టి, పిన్ను నట్టు బొర్ర మీదికి వచ్చేటట్టు చూసి, మీద మేకు పెట్టి రాయితోటి కొట్టాలె. పిన్ను పూర్తిగ బయటకు రావొద్దు, అవుతలి రేకులకు కొంచెం పట్టుకొని ఉండాలె. పూర్తిగ వస్తే మల్ల ఎక్కది, పని ఖతం. ఇది ఒక్కని పని కాదు, సైకిల్ జారుతుంది. పిలగాడు సైకిల్‌ను గట్టిగ పట్టుకున్నడు. మొదటి దెబ్బకు మేకు వంగింది. రెండో మేకు. నాలుగు దెబ్బలకు పిన్ను కదిలింది. చైన్ తెంపి, కొండి తీసి సంచిల ఏసి, చైన్ కొలత చూసుకొని, ఇంకోపారి ఎక్కువున్నది తెంపి, కలిపి, ఈవల నుంచి పిన్నును మల్ల కొట్టిన. లింకు బిర్రైంది, అటు ఇటు వంచి వదులు చేసిన. వంగిన పుల్లలను ప్లేయర్‌తోటి గుంజి పక్క పుల్లలకు బైండింగ్ తీగతోటి కట్టిన. ముప్పావు గంట పట్టింది. పిలగానికి బెల్లం, పల్లీలు ఇచ్చిన. "తాతా, గెలుస్తవా?" అన్నడు. "లేదు బిడ్డా, పోత" అన్న.

ఆ తరువాత తొక్కిన 15 కిలోమీటర్లు ఎట్ల తొక్కిన్నో సరిగ యాదికి లేదు. చైన్ కొంచెం వదులుండె, ఎగిరి పక్క పండ్ల మీదికి ఎక్కుతుండె, ఎక్కితే బిర్రుగ అయి తిరగకపోతుండె. దిగి, ఏసి, మల్ల. ఎన్నిసార్లో లెక్కలేదు. ఎత్తులు అన్నీ నడిచిన. రేగడి తుంటల మల్ల చక్రం నిండి నిలవడ్డది. కొబ్బరి నూనె ఎప్పుడో కడిగిపోయింది. అక్కడ నేను కూడ పొద్దున వాళ్ళ లెక్కనే భుజం మీద పెట్టుకొని మోసిన. బురద తెలిసినోనిని అని ఎగిరిన గదా, మోసిన. వాన మల్ల దంచింది. కాళ్ళు గుంజినయి, ఒక మోరి మీద కూసొని పిక్కలు ఒత్తుకున్న. ఎవలూ కనపడ్తలేరు, ముంగట లేరు, ఎనక లేరు. ఒక్క నెమలి అరుస్తుంది.

ఈ మధ్యల హైదరాబాదుల ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, 2023ల, 23 కిలోమీటర్ల సైకిల్ బాట కట్టిండ్రు, పైన సోలార్ పలకల కప్పు, ఎండ తగలది, వాన తగలది అని చిన్నోడు చూపెట్టిండు. మోరి మీద కూసున్నప్పుడు అది యాదికొచ్చింది, నవ్వొచ్చింది.

చేరేసరికి 4 గంటల 54 నిమిషాలు. ఐదు గంటల లోపే. సగం టెంట్లు పీకుతుండ్రు. చిన్నోడు వాన్ల నిలవడి ఉన్నడు, గొడుగు కూడ లేదు. జీపు డ్రైవర్ ముందే వచ్చి చెప్పిండట, ఒక ముసలాయన ఎక్కలే అని.

బల్ల కాడ మెడల పతకం ఏస్తుంటే నేను ఆ అమ్మాయికి చెప్పిన. "బిడ్డా, మీ నియమాల కాగితంల బయటోళ్ళ సాయం తీసుకోవద్దని ఉండె. ఒక గొర్ల పిలగాడు నా సైకిల్ పట్టుకున్నడు." ఆమె పక్కోన్ని చూసింది, పక్కోడు నవ్విండు. "అంకుల్, ఆ రూలు గెలిచేవాళ్ళకు" అన్నడు. ఎగతాళికి అనలేదు గని కొంచెం చురుక్కుమన్నది. తొంభై మందిల 61 మంది పూర్తి చేసిండ్రు, నేను 58. యాభై దాటినోళ్ళల్ల నాలుగో వాన్ని, మొత్తం ఉన్నది ఐదుగురమే. లెక్క లెక్కే చెప్పాలె.

వచ్చేటప్పుడు ఆటోల ఎనక సైకిల్, ముంగట మేమిద్దరం, డ్రైవరు. తువ్వాల కప్పుకొని కూసున్న. ఎల్దుర్తి రోడ్డుకు మళ్ళినంక చెప్పిన. వాగు ముచ్చట, కాటర్ ముచ్చట, చెట్టు కింద సద్ది ముచ్చట. వానికి చెప్పిన అబద్ధం ముచ్చట కూడ. డ్రైవర్ ఇంటున్నడని కూడ చూడలే. చిన్నోడు శానా సేపు ఏం అనలే. వైపర్ అటు ఇటు ఊగుతుంది. నేను అనుకున్న, వీనికి నా మీద ఉన్న మర్యాద పాయె అని.

ఊరి కమాను కాడికి వచ్చినంక అన్నడు, "నాయినా, నాకు తెలుసు."

"ఎట్ల తెలుసురా?"

"తాత చెప్పిండు. ఆ దినం సాయంత్రం వాగు అవుతలి ఊరాయన మనింటికి వచ్చిండట, వాగు మోకాలి కిందికే ఉండె అన్నడట. తాత నిన్ను అడగలే. నువ్వే ఎప్పుడన్న చెప్తవని చూసిండట."

నేను ఆటో దిగి ఇంట్లకు పోయేదాక మాట్లాడలే.

మీ వదిన వాకిట్ల నీళ్ళు కాగబెట్టి ఉంచింది. మోచేయి చూసి తిట్టింది, పసుపు పెట్టింది. ఆమెకు రాత్రి చెప్పిన. ఆమె అన్నది ఇక్కడ రాయను.

సైకిల్ ఇప్పుడు మల్ల కొట్టంల ఉంది. ఆ కొండి పట్టు కొత్తది తెప్పియ్యాలె, చిన్నోడు చూస్తున్నడు. అప్పటిదాక ఒక్క గేరు మీదనే పొలంకాడికి పోతున్న, మంచిగనే పోతుంది. మేకుతోటి చైన్ తెంపుడు ఎట్లనో చూపియ్యమని ఇద్దరు తమ్ముళ్ళు అడిగిండ్రు, సాయంత్రం రాండ్రి, పాత చైన్ ఉంది, దాని మీద చూపెడ్త. రేపు పొద్దున మాత్రం రాకుండ్రి. మడిల రెండో మోతాదు ఎరువు చల్లేది ఉంది, వాన తెరిపి ఇచ్చింది.